కొర్రమీను కడుపులో కాపురం

మురుగు కాలువల పూడిక, కౌలు రైతుల గోడు, కొబ్బరి ధర వంటి చిల్లర విషయాలను వెనక్కి నెట్టగల మహా సమస్య ఒకటి ఈ మధ్య గోదావరి డెల్టాలో తలెత్తింది. ఆదివారాలు గాలం పుచ్చుకుని కాలువ గట్ల మీద తపస్సు చేసే పెద్దమనుషులకు, తాము పట్టిన చేపల్లో పురుగులు కనిపిస్తున్నాయి. చేపను ఫొటో తీసి బంధుమిత్రులందరికీ పంపించి, చేపను మాత్రం పనిమనిషికి అప్పగించడంతో వీరి బాధ్యత ఇన్నాళ్లూ తీరిపోయేది. ఇప్పుడు కొందరు సాహసించి స్వయంగా కోయడం కూడా మొదలుపెట్టారు. అనర్థమంతా అక్కడే వచ్చింది.

కోసిన కొర్రమీను కడుపులో, పేగుల పక్కన, ఎర్రటి దారపుండలా చుట్ట చుట్టుకుని ఒక పురుగు పడుకుని ఉంటుంది. గోటితో కదిపితే తీరిగ్గా విప్పుకుని వేలెడు పొడవు సాగుతుంది. దాని శాస్త్రీయ నామం యూస్ట్రాంగిలైడిస్. పేరు పలికేలోపు అది మళ్లీ చుట్టుకుంటుంది. వాలుగ గాలితిత్తి చీల్చి చూస్తే ఐసోపరార్కిస్ అనే బల్లపరుపు పురుగు, మట్టగిడస కండలో పసుపుపచ్చని గుళికలు, బొచ్చె పొలుసుల మీద రెండు చూషకాలతో అంటిపెట్టుకున్న చేపపేను. ఎవరి వాటా వారిదే, ఎవరి గది వారిదే.

ఈ దృశ్యం చూసిన పెద్దమనిషి ఒకరు (పేరు చెప్పడం మర్యాద కాదు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం, అమలాపురం వైపు అత్తవారిల్లు) గోదావరి పాడైపోయిందని నిలబడ్డ చోటే తీర్పు చెప్పారు. గమనార్హమైన సంగతి ఏమిటంటే, ఆ చేపను పట్టడానికి అరటిచెట్ల మొదట్లో తవ్విన వానపాములను డబ్బా నిండా తెచ్చుకుని, ఒక్కొక్కదాన్నీ ఎంతో ఒడుపుగా కొక్కేనికి గుచ్చింది కూడా ఆయనే. చేప నోట్లో మనం పురుగు పెడితే అది క్రీడ అట, చేప కడుపులో అదే వచ్చి ఉంటే అరాచకమట.

న్యాయంగా ఆలోచిస్తే ఆ పురుగు స్థానికతను శంకించడానికి వీల్లేదు. దాని తల్లిదండ్రులు కొంగ పొట్టలోనో నీటికాకి పొట్టలోనో ఉంటారు. రెట్టతో పాటు గుడ్లు నీటిలో పడితే బురదలోని సన్నని పురుగులు వాటిని తింటాయి, ఆ పురుగులను చిన్న చేపలు తింటాయి, చిన్న చేపలను కొర్రమీను తింటుంది, కొర్రమీనును కొంగ తిన్ననాడు మన పురుగు పుట్టింటికి చేరుతుంది. మట్టగిడస కండలోని పసుపు గుళికల దారి వేరు. అవి కొంగ గొంతులో మొదలై, నత్తలో కొన్నాళ్లు తలదాచుకుని, చేపలో ముసుగుతన్ని పడుకుని, తిరిగి కొంగ నోటికే చేరాలి. ఈ మజిలీల్లో ఏ ఒక్కటి దొరక్కపోయినా వంశం అక్కడితో సరి. కాబట్టి చేపలో పురుగు కనిపించిందంటే, ఆ కాలువలో కొంగా ఉంది, నత్తా ఉంది, చిన్న చేపా ఉంది అని రాసి సంతకం పెట్టినట్టే. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే నివాస ధ్రువపత్రానికి కూడా ఇంత బలం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పుడు కాటన్ దొర ఆయకట్టు లెక్కల్లో నత్తలను చేర్చి ఉండరు గానీ, తమ వాటా నీరు అవి అప్పటి నుంచీ వాడుకుంటూనే ఉన్నాయి. వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలిన మడుగుల్లోకి చేపలన్నీ చేరతాయి. కొంగలూ అక్కడికే వస్తాయి, గాలాలూ అక్కడికే వస్తాయి. ఆ ముగ్గురిలో ఆశ్చర్యపోతున్నది ఒక్కరే.

పరాన్నజీవి అన్న నింద కూడా అంత తేలిగ్గా వేయదగింది కాదు. పొలంలో కాలు పెట్టకుండా పట్నంలో కూర్చుని ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా లెక్క చూసుకునేవారిని మన జిల్లాల్లో ఆసామి అంటాం, పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చోబెడతాం. కొర్రమీను పురుగు, పాపం, తాను తినే చోటే ఉంటుంది.

సంతలో చేపలు కోసే ఆవిడకు ఈ సంక్షోభాన్ని నివేదించగా ఆమె చేతిలో పని ఆపలేదు. జారిపోతున్న కొర్రమీనును బూడిదలో పొర్లించి, కర్రతో నెత్తిన ఒక్కటి వేసి, కత్తిపీట మీద పొట్ట చీల్చి, బొటనవేలితో పేగులు ఒక్క లాగు లాగింది. వాటితో పాటే ఎర్రటి చుట్టలు రెండు ఊడివచ్చి బేసిన్‌లో పడ్డాయి. "ఆయ్, పురుగు లేని చేప ఎక్కడుంటదండీ బాబూ? ఇన్నేళ్లూ తవరు తిన్నది మేం తీసి పారేసినాక మిగిలిందేగా," అంది, తలెత్తకుండానే. నదిని పాడుచేసింది పురుగు కాదనీ, చేప కోసిన కూలి మిగుల్చుకుందామన్న పొదుపేననీ ఈ వ్యాసకర్తకు అప్పుడే అర్థమైంది.

అయినా గాలం మిత్రులు ఊరుకోలేదు. మత్స్యశాఖ వారు కాలువల్లోని ప్రతి కొర్రమీనుకూ పురుగుల మందు వేయాలని వారి డిమాండు. ఇందులో సబబు లేకపోలేదు. 2015 నుంచి మన దేశంలో నులిపురుగుల నివారణ దినం పాటిస్తున్నారు, ఫిబ్రవరి 10న బడిపిల్లల చేత ఆల్బెండజోల్ మాత్ర చప్పరింపజేస్తున్నారు. పిల్లల కడుపుల్లోని పురుగుల కోసం ఒక జాతీయ దినం పెట్టుకున్న దేశంలో ఒక చేప కడుపులో పురుగు ఉందని తెలిసి దిగ్భ్రాంతి చెందడానికి గట్టి గుండె కావాలి. కొర్రమీనుకు నోరు ఉండి, గట్టున బహిర్భూమికి వచ్చేవారి మీద ఎదురు ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ప్రమాదం లేదని కాదు. 1982లో అమెరికాలోని మేరీలాండ్‌లో కొందరు గాలం రాయుళ్లు, ఎరగా తెచ్చుకున్న చిన్న చేపలను బతికుండగానే మింగి, ఈ ఎర్ర పురుగే పేగులకు చిల్లులు పొడవగా ఆపరేషన్ బల్ల ఎక్కారు. అంతటి ప్రతిభ మన గట్ల మీద ఇంకా కనిపించలేదు. ముక్క మధ్య దాకా 63 డిగ్రీల వేడి తగిలితే పురుగు పని అయిపోతుంది. మన చింతపండు పులుసు కుతకుతలాడేది 100 డిగ్రీల దగ్గర. ఉప్పూ కారం నిమ్మరసం పట్టించి ఊరబెట్టినంత మాత్రాన అది చావదు. పచ్చిచేప తినే నాగరికతకు ఎదిగినవారు మాత్రం దాన్ని సున్నాకు 20 డిగ్రీల దిగువన ఏడు రోజులు గడ్డకట్టించాలి, ఆపై ఆవకాయ అన్నంతో తృప్తిపడితే ఇంకా మంచిది.

చిత్రం ఏమిటంటే, ఉడికితే చచ్చే పురుగుకు బెదిరిపోయే పెద్దమనిషి, ఎంత ఉడికించినా పోతుందన్న భరోసా లేని వాటిని తలుచుకోనైనా తలుచుకోరు. చెరువు చేపకు పేను పట్టినప్పుడు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు కొట్టడం ఆక్వా వారందరికీ తెలిసిన విద్యే. ఆ చేప మీద పేను కనిపించదు, మందు అసలే కనిపించదు. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్‌ను ముక్కు మూసుకుని దాటుతాం గానీ, ఆ నీటిలో ఏం కలిసిందో అడుగుతూ ఎవరూ గట్టెక్కి నినాదాలు ఇవ్వరు. కనిపించనిదానికి ఫొటో రాదు, ఫొటో రానిది సమస్య కాదు.

ఇక మన పెద్దమనిషి సంగతి. నిరసనగా ఆయన కోసిన చేపనూ పేగులనూ పురుగుతో సహా రేవు మెట్ల మీంచి అదే కాలువలో కుమ్మరించారు. గోతిలో పాతిపెడితే కథ ముగిసేది. నీటిలో వేయడంతో పురుగుకు మళ్లీ అవకాశం దొరికింది, అవతలి గట్టున నిలబడ్డ కొంగకు నడక తప్పింది. మరుసటి వారం నుంచి ఆయన గాలం అటకెక్కింది. ఇప్పుడు వారింట్లో సూపర్‌మార్కెట్ వారి ముల్లు లేని బాసా ముక్కలే వండుతున్నారు. మన డెల్టా చెరువుల్లోనూ పెంచే ఆ చేపకు ప్లాస్టిక్ కవరూ మంచుపెట్టె యోగమూ పట్టేసరికి ధర మూడింతలైంది. ముక్క తెల్లగా ఉందనీ, వాసన లేదనీ ఆయన మెచ్చుకుంటున్నారు. ఏ పురుగూ వచ్చి కాపురం పెట్టాలనుకోనంత చప్పగా కూడా ఉందని ఆయన అత్తగారు అంటున్నారు.