కిటికీకి అడ్డంగా బీరువా

గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ పటమటలోనైనా, హాస్టళ్లుగా మారిన అపార్ట్‌మెంట్లలో చాలా గదుల తీరు ఒకటే. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా ఇనుప బీరువా, మిగిలిన సందులో ఆరేసిన తువ్వాళ్లు, మూడడుగుల అవతల పక్క బిల్డింగు గోడ. మధ్యాహ్నం 12 గంటలకూ ట్యూబ్‌లైటు వెలగాల్సిందే. ఇంటర్ పిల్లలు ఈ గదిలోంచి క్లాసుకు, అక్కణ్నుంచి స్టడీ అవర్‌కు పోతారు. ఎండ పొడ తగలకుండానే రోజు గడిచిపోతుంది.

ఫోన్‌లో వెలుగును లక్స్‌లలో కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని చూడండి. ట్యూబ్‌లైటు కింద బల్లమీద 300 లక్స్ వస్తే గొప్ప. ఆరుబయట చెట్టు నీడలో వేలల్లో ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష. కన్ను సర్దుకుంటుంది కనుక చూపుకు ఈ తేడా అంతగా తెలియదు. నిద్ర, మెలకువల వేళలు నడిపే ఒంట్లోని గడియారానికి తెలుస్తుంది. ఆ గడియారాన్ని సరిదిద్దడానికి వెలుగును కొలిచే ప్రత్యేక కణాలు కంటి లోపలి పొర రెటీనాలో ఉన్నాయని 2002లో శాస్త్రవేత్తలు చూపించారు. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. వాటికి పగలు దండిగా వెలుగు కావాలి, రాత్రి చీకటి కావాలి. మన హాస్టళ్లలో అంతా తలకిందులు. పగలంతా మసక, రాత్రి 11 దాకా నెత్తిన 6500 కెల్విన్ల (వెలుగు రంగు కొలత, అంకె పెరిగితే నీలం పాలు ఎక్కువ) తెల్లటి ఎల్‌ఈడీ. నిద్రవేళను ఒంటికి తెలిపే మెలటోనిన్ హార్మోన్ ఊరడం ఆలస్యమవుతుంది, నిద్ర పట్టదు. అసలు ఈ వయసులో నిద్రవేళ దానంతటదే ఆలస్యమవుతుంది. బెల్లు మాత్రం 5కే మోగుతుంది. క్లాసులో కునికితే బద్ధకస్తుడని తిట్లు!

బెజవాడ ఎండలో పిల్లల్ని తిప్పమంటారా అని యాజమాన్యాలు అడగవచ్చు. మేం అడుగుతున్నది ఉదయం 7 గంటల ఎండ. టిఫిన్ డాబా మీద పెట్టిస్తే అరగంట వెలుగు దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. రాత్రి 9 దాటాక పైలైట్లు ఆపి, 2700-3000 కెల్విన్ల పసుపు బల్బున్న టేబుల్ ల్యాంపులు ఇస్తే చాలు. వెలుగు పుస్తకం మీద పడాలి, కళ్లలో కాదు.

ఇక కిటికీల సంగతి. ఉక్కపోత ప్రాంతాల్లో తలుపులు కాక, గది నేలలో ఆరోవంతు మేర కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలన్నది జాతీయ భవన నిర్మాణ స్మృతి. 150 చదరపు అడుగుల గదికి 25 అన్నమాట. ఏసీ కోసం ప్లైవుడ్ కొట్టేసి, నల్ల ఫిల్మ్ అంటించిన గదుల్లో ఆ లెక్క ఎక్కడ? పడమటి ఎండ బాధ నిజమే. దానికి వెదురు తడక బయట కట్టాలి. లోపల కర్టెన్ వేసేసరికి వేడి అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

హాస్టళ్ల తనిఖీకి వెళ్లే అధికారులు ఈసారి రిజిస్టర్లతో పాటు కొలత టేపు కూడా పట్టుకెళ్లాలి. ముందు బీరువా పక్కకు జరిపించి, తర్వాత కొలవాలి.