సవరణ: హేగ్‌లో వాదించడానికి ఎన్నేళ్ల అనుభవం?

యుద్ధ నేరాల కేసుల్లో పనిచేయాలనుకునే న్యాయవాదుల కోసం రాసిన గత పోస్టులో మూడు పొరపాట్లు దొర్లాయి.

అసలు పొరపాటు అనుభవం గురించి. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో అందరికీ పదేళ్లు కావాలని రాశాం. 10 ఏళ్లు ప్రధాన న్యాయవాదికే. సహాయకుడికి 5 ఏళ్లు చాలు. ప్రధాన న్యాయవాది విషయంలో లెక్కకొచ్చేది క్రిమినల్ విచారణల అనుభవమే. జడ్జిగానో, ప్రాసిక్యూటర్‌గానో చేసినదైనా సరే. ఇరవై ఏళ్ల సివిల్ ప్రాక్టీసు ఇక్కడ అక్కరకు రాదు. ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్‌లో ధారాళంగా వాదించగలగాలి.

ఆ కోర్టును స్థాపించిన రోమ్ ఒప్పందంలో భారత్ లేదు కాబట్టి మనవాళ్లకు అవకాశం లేదన్నదీ తప్పే. అక్కడ వాదించడానికి అర్హులైనవారితో కోర్టు ఉంచే న్యాయవాదుల జాబితాకు జాతీయత షరతు లేదు. బార్ నుంచి ప్రాక్టీసు, క్రమశిక్షణ రికార్డు తెలిపే పత్రం, నేరచరిత్రపై ప్రభుత్వ ధ్రువపత్రం జతచేయాలి. నేరచరిత్ర పత్రం పౌరసత్వమున్న దేశం నుంచీ, స్థిరనివాస దేశం నుంచీ కావాలి. విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఒక్కటే పంపి ఇక్కడే చిక్కుకుంటారు.

యుగోస్లావియా యుద్ధ నేరాల విచారణకు ఐరాస పెట్టిన ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయమని రాయడం మా అజాగ్రత్త. అది 2017 డిసెంబరు 31న, రువాండా ట్రిబ్యునల్ 2015 చివర్లో మూతపడ్డాయి. ఆ రెండింటి మిగిలిన పనిని హేగ్‌లోనూ, టాంజానియాలోని అరూషాలోనూ ఐరాస ఏర్పాటు చేసిన అవశేష యంత్రాంగానికి అప్పగించారు.

ఇంకో మాట: జాబితాలో పేరుంటే కేసు వచ్చినట్టు కాదు. లాయర్‌ను ఎంచుకునేది నిందితుడే.