11 ఏళ్లు, 44 వేల కిలోమీటర్లు

తెలుగువాళ్లు ఇల్లు కదలరని నాకు ఈ మధ్యే తెలిసింది. సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనలు నాలుగు చదివితే మీకూ తెలుస్తుంది. 2014 మోడల్ బండి, తిరిగింది 44 వేలు. 2012 మోడల్, 41 వేలు. 2010 మోడల్ ఇంకా బుద్ధిమంతురాలు, 38 వేలు. బండి ఎంత పాతదైతే అంత తక్కువ తిరుగుతుందన్నది మన ఆటో కన్సల్టెన్సీలు భౌతికశాస్త్రానికి చేర్చిన కొత్త సూత్రం.

నా కోరిక పెద్దదేమీ కాదు. ఐదు లక్షల లోపు రావాలి. లీటరుకు పదిహేను కిలోమీటర్లు తగ్గకూడదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మూలగకుండా ఎక్కి దిగాలి. వెనక సీటు మడిస్తే రెండు బియ్యం బస్తాలు, కొబ్బరికాయల మూట, ఆవకాయ జాడీ పట్టాలి. అంటే స్టేషన్ వ్యాగన్ అన్నమాట, కప్పు వెనకదాకా సాగి, సామాను చోటు సీట్లతో కలిసిపోయే కారు. ఈ దేశంలో దాన్ని అమ్మబోయినవాళ్లందరూ చేతులు కాల్చుకున్నారు. 1992లో టాటా ఎస్టేట్, ఆ తర్వాత బలెనో ఆల్ట్యూరా, కోర్సా స్వింగ్, ఆక్టేవియా కాంబి, 2004లో ఇండిగో మెరీనా. వరసగా వచ్చాయి, వరసగా పోయాయి. వాటిని చూసి మనవాళ్లన్న మాట ఒక్కటే: "అంబులెన్సులా ఉంది." డిక్కీ వెనక్కి పొడుచుకు వస్తేనే కారు, లేకపోతే శవాల బండి.

ఆపై ప్రభుత్వం తన వంతు సాయం చేసింది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజన్ కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. అంతే, ఇంజనీర్లు రంపాలు అందుకున్నారు. ఒకప్పుడు వెనక భాగం పెంచి మెరీనా చేసిన ఆ ఇండిగోకే 2008లో తోక కోసి, సీఎస్ అని పేరు పెట్టి అమ్మారు. సామాను చోటు పోతే పోయింది, పన్ను తగ్గింది కదా! కొత్త బండ్లలో మిగిలిన ఆ కాస్త చోటులోనూ ఇప్పుడు సీఎన్‌జీ సిలిండర్ పడుకుంటోంది. బియ్యం బస్తాను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి.

కాబట్టి నాకు మారుతి ఎర్టిగాయే గతి. పేరుకు ఏడు సీట్లు. మూడో వరస మడిచేస్తే నేను వెతుకుతున్న వ్యాగన్ అదే. 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్, కాగితం మీద లీటరుకు 20.77 కిలోమీటర్లు. అందులో నాలుగు కొట్టేసినా నాకు బాధ లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు మానేసింది గనుక పాతది వెతుక్కోవడమే దారి. నగర శివార్లలోని ఒక కన్సల్టెన్సీలో దొరికింది. 2014 మోడల్, 44 వేల కిలోమీటర్లు. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి బండి" అన్నాడు అక్కడి కుర్రాడు.

ఆ డాక్టర్ గారిని ఒకసారి తలచుకుందాం. 11 ఏళ్లలో 44 వేలంటే రోజుకు 11 కిలోమీటర్లు. ఇంటి నుంచి ఆస్పత్రికి ఐదున్నర, ఆస్పత్రి నుంచి ఇంటికి ఐదున్నర. పాల ప్యాకెట్ కోసం పక్క సందులోకి తిరిగినా లెక్క తప్పుతుంది. ఆ మాత్రం దూరానికి ఆయన పెట్రోలు బండి వద్దని, ఎక్కువ డబ్బు పోసి డీజిల్‌ది కొన్నారు. అదీ ఏడు సీట్లది. ఆయన పిల్లలకు తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించలేదు. హైదరాబాద్ నుంచి రానూపోనూ పదకొండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది, మీటరు ఒప్పుకోదు. బావమరిది పెళ్లికి భీమవరం వెళ్లలేదు, అప్పటి నుంచి అత్తవారితో మాటల్లేవు. సంక్రాంతికి గడప దాటలేదు. ఆయనే కాదు, ప్రకటనల్లోని యజమానులెవరూ దాటలేదు. మరి భోగికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే ఆ కార్లు ఎవరివి? ఏ గ్రహం నుంచి వస్తున్నాయో ఎవరైనా విచారించాలి.

అన్నట్టు, అమ్మకానికున్న బండ్లలో రెండింట ఒకటి డాక్టర్ గారిదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు లేరని ఇన్నాళ్లూ ప్రభుత్వాన్ని అనవసరంగా తిట్టాం. పాపం, వాళ్లందరూ ఇంటికి ఐదున్నర కిలోమీటర్లు దాటి వెళ్లని వ్రతంలో ఉన్నారు. మన్యానికి ఎలా వెళ్తారు?

ఆయన అలవాట్లూ వింతగానే ఉన్నాయి. కొత్త సీటు కవరు మీద చెయ్యి వేసి నొక్కితే డ్రైవరు వైపు స్పాంజి ముద్దయి లోపలికి పోతోంది. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది. గేరు నాబ్ మీద అంకెలు లేవు. కప్పు మీద నాలుగు మూలలా బోల్టుల మచ్చలు, వాటి చుట్టూ తుప్పు. అంటే పైన లగేజీ క్యారియర్ ఉండేది. స్టెతస్కోపు అంత బరువా? వెనక అద్దాన్ని ఏటవాలుగా చూస్తే, పీకేసిన స్టిక్కరు జిగురులో 'ట్రావెల్స్' అన్న అక్షరాలు ఇంకా చదవొచ్చు. అడిగాను. కుర్రాడు తడబడలేదు.

"డాక్టర్ గారికి ట్రావెల్స్ కూడా ఉండేది సార్."

"మరి 44 వేలేనా?"

"ఆయన చాలా పద్ధతిగా నడిపేవారు సార్."

పద్ధతిగా నడిపితే దూరం తగ్గుతుందని డ్రైవింగ్ స్కూల్లో నాకెవరూ చెప్పలేదు.

మీటరు తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. స్టీరింగ్ కింద సాకెట్‌లో ఒక వైరు గుచ్చి, కంప్యూటర్‌లో కావలసిన అంకె కొట్టడమే. టీ చల్లారేలోపు రెండు లక్షల కిలోమీటర్లు కరిగి 44 వేలవుతాయి. ఇందులో మన పాపమూ ఉంది. లక్ష దాటిందంటే చాలు, ముఖం తిప్పుకుంటాం. లక్షా అరవై వేలు తిరిగిందని నిజం చెప్పి, ప్రతి సర్వీసు బిల్లూ దాచిపెట్టుకున్న మనిషి నెలల తరబడి ఇంటి ముందు బండి తుడుచుకుంటూ కూర్చుంటాడు. అబద్ధం మాత్రం ఆదివారం సాయంత్రానికే అమ్ముడుపోతుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. దాని పక్కనే మరో బండి ఉంది, లక్ష రూపాయలు తక్కువకు. కొత్త సీట్లు, కొత్త కార్పెట్, కళ్లు మండేంత నిమ్మవాసన సెంటు. సీటు బెల్టును ఆఖరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ లాగని ఆ చివరి జానెడు పట్టీ మీద ఎండిన బురద చార. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు మునగడం అందరం టీవీల్లో చూశాం. అలా మునిగిన బండిని బీమా కంపెనీ పూర్తి నష్టం కింద లెక్కగట్టి తుక్కు ధరకు వదిలించుకుంటే, దాన్ని కడిగి, సెంటు కొట్టి, మనకు అంటగడతారా? ఎయిర్‌బ్యాగులను నడిపించే పెట్టె చాలా కార్లలో గేరు దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. నీళ్లు మొదట చేరేది అక్కడికే. వైర్ల కొసల్లో చిలుము పట్టడానికి తొందరేమీ లేదు, మెల్లగా పని కానిస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో, వెనక పిల్లలు నిద్రపోతుండగా, ఆ బ్యాగు తెరుచుకోకపోతే ఎవడు జవాబు చెప్తాడు? రెండు లక్షలు తిరిగిన బండి బ్రేకు గొట్టాలను, 44 వేలే కదా అని ఎవరూ చూడకపోతే, అవి పగిలిన రోజున ఎవడు జవాబు చెప్తాడు? పీఎఫ్ డబ్బు తీసి కొనుక్కున్నవాడి పెళ్లాం పిల్లల ప్రాణాలతో పదిహేను వేల కమీషన్ బేరం! దీన్ని వ్యాపార చాతుర్యమని మెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇది మోసం. జైల్లో పెట్టాల్సిన మోసం.

పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. నేను వెళ్లిన చోట గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం కనిపించింది గానీ ఆ పత్రం కనిపించలేదు. 2025 జనవరిలో ఆ డీలర్ల లాభం మీద జీఎస్టీని అన్ని రకాల కార్లకూ 18 శాతం చేశారు. వాళ్ల లాభం లెక్కపెట్టడం నేర్చిన ప్రభుత్వానికి కిలోమీటర్లు లెక్కపెట్టడం ఇంకా పట్టుబడలేదు. ఏటా బీమా కట్టేటప్పుడు మీటరు అంకె ఒకటి రాసుకుని, దాన్ని అందరూ చూసేచోట పెడితే ఈ వ్రతాలన్నీ ఒక్క ఏడాదిలో భంగమవుతాయి. అది వచ్చేదాకా అమ్మేవాడిని ఫాస్టాగ్ లావాదేవీలు చూపించమనండి. మీటరు తిప్పినవాడికి చిల్లకల్లు టోల్‌గేటును తిప్పడం చేతకాదు. బీమా కాగితంలో నో క్లెయిమ్ బోనస్ గడి, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా చూడండి. పదేళ్లలో గీత పడలేదన్న బండికి అక్కడ సున్నా ఉంటే లేచి వచ్చేయండి.

నేను లక్షా 63 వేలు తిరిగిన బండికి అడ్వాన్సు ఇచ్చాను. యజమాని పురుగుమందుల కంపెనీ ప్రతినిధి. ఊళ్లు తిరగడమే తన ఉద్యోగమని ముందే చెప్పి, బిల్లుల కట్ట చేతిలో పెట్టాడు. బేరమాడితే మాత్రం వెయ్యి రూపాయలు కూడా తగ్గించలేదు.