వీపీఎన్ కనెక్ట్ అయింది సరే, పేర్లు ఎవరిని అడుగుతోంది?

వీపీఎన్ (మన ఇంటర్నెట్ రాకపోకల్ని ముసుగేసి వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) ఆన్ చేస్తాం. పచ్చ లైటు వెలుగుతుంది. ఇక మనం ఏ సైట్లు చూస్తున్నామో ఇంటర్నెట్ కంపెనీకి తెలియదులే అని గుండె మీద చెయ్యేసుకుని కూర్చుంటాం. నేనూ చాలాకాలం అలాగే కూర్చున్నాను. తీరా చూస్తే ఆ పచ్చ లైటు చెప్పేది ఒక్కటే, టన్నెల్ (ఆ ముసుగు దారి) సిద్ధమైందని. అన్నీ అందులోంచే పోతున్నాయా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

డీఎన్ఎస్ సంగతి చాలామందికి తెలిసిందే. సైటు పేరిస్తే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని చిరునామా, చెప్పే ఏర్పాటు అది. పాల్ మొకపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించినప్పుడు రహస్యం కాపాడాలన్న ఆలోచన లేదు. అందుకే ఇప్పటికీ మామూలు డీఎన్ఎస్ ప్రశ్న పోర్ట్ 53 (డీఎన్ఎస్‌కి కేటాయించిన ద్వారం) మీద ముసుగు లేకుండా పోతుంది. దారిలో ఎవరు చూసినా పేరు చదివేయొచ్చు. ఈ ప్రశ్న టన్నెల్ బయటి నుంచి పోయిందంటే, లోపల ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా మీరు ఏ సైటుకి వెళ్తున్నారో చాటింపు వేసినట్టే. దీన్నే డీఎన్ఎస్ లీక్ అంటారు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. ఏదో వేరే పని మీద ల్యాప్‌టాప్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో పోయేవన్నీ తెర మీద చూపించే టూల్) నడుపుతున్నాను, వైఫై కార్డు మీద పోర్ట్ 53 మాత్రమే చూపించమని చెప్పి. వీపీఎన్ ఆన్‌లో ఉంది, తెర ఖాళీగా ఉంది. బాగానే ఉందనుకుని మూత వేసి లేచాను. కాసేపటికి వచ్చి మూత తీసేసరికి తెర మీద బిలబిలా లైన్లు! మెయిల్ సర్వర్ పేరు, చాట్ యాప్ పేరు, బ్రౌజర్‌లో తెరిచి వదిలేసిన ట్యాబుల పేర్లు, అన్నీ వరసగా. నిద్ర లేవగానే వైఫై ముందు అందుకుంది, వీపీఎన్ తేరుకోవడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. ఆ లోపే ఆకలి మీదున్న యాప్‌లన్నీ తమకు కావలసిన పేర్లు బయటి సర్వర్‌నే అడిగేశాయి. తర్వాత పచ్చ లైటు ఏమీ ఎరగనట్టు వెలిగింది.

అంతకు వారం ముందే లీక్ టెస్ట్ సైటుకి వెళ్లి 'లీక్ లేదు' అనిపించుకుని వచ్చినవాణ్ణి నేను. ఆ టెస్ట్ అబద్ధం చెప్పలేదు. అది ఇంతకుముందు ఎవరూ అడగని కొత్త పేర్లు కొన్ని పుట్టించి, వాటిని మీ బ్రౌజర్ చేత అడిగిస్తుంది. ఆ పేర్లకు జవాబు చెప్పే సర్వర్ వాళ్లదే కాబట్టి, మీ తరఫున ఎవరు అడగడానికి వచ్చారో అక్కడ తెలిసిపోతుంది. మీ ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ కనిపిస్తే లీక్ ఉన్నట్టే. తెలివైన పద్ధతే. కానీ అది చూసేది ఆ ఒక్క క్షణాన్ని, ఆ ఒక్క బ్రౌజర్‌ని. బ్రౌజర్‌లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (డీఎన్ఎస్ ప్రశ్నల్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) ఆన్‌లో ఉంటే మరీ మోసం. దాని ప్రశ్నలు వేరే దారిలో పోతాయి కాబట్టి టెస్ట్ పాసవుతుంది, మిగతా యాప్‌లన్నీ కారుతూనే ఉండొచ్చు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగ చాలాసార్లు ఆపరేటింగ్ సిస్టమే. విండోస్ 8 నుంచి ఒక సౌకర్యం పెట్టారు: పేరు త్వరగా దొరకాలని అందుబాటులో ఉన్న నెట్‌వర్క్‌లన్నిటినీ అడగడం. వేగానికి మంచిదే, వీపీఎన్ వాడేవాడికి మాత్రం కొంప ముంచేది. దాన్ని అడ్డుకోవడానికే ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో 'బ్లాక్ అవుట్‌సైడ్ డీఎన్ఎస్' అనే ఆప్షన్ వచ్చింది. ఐపీవీ6 (పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త రకం ఐపీ అడ్రసులు) ఇంకో తలనొప్పి. వీపీఎన్ ఐపీవీ4ని మాత్రమే పట్టించుకుంటే, ఐపీవీ6 దారి బార్లా తెరిచి ఉంటుంది.

ప్రాక్సీల దగ్గర, అంటే మన తరఫున సైట్లతో మాట్లాడే మధ్యవర్తి సర్వర్ల దగ్గర, కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. సాక్స్ అనేది అందులో ఒక రకం. కర్ల్ అనే కమాండ్ టూల్‌లో ప్రాక్సీ అడ్రస్ ముందు 'సాక్స్5' అని రాస్తే పేరుకి అడ్రస్ వెతికే పని మీ మిషనే చేసి, ఆ ఐపీని ప్రాక్సీకి ఇస్తుంది. 'సాక్స్5హెచ్' అని రాస్తే పేరునే ప్రాక్సీకి అప్పగిస్తుంది. ఒక్క అక్షరం! ఆ అక్షరం లేని స్క్రిప్టులు నావే ఎన్నో ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ ప్రాక్సీ సెట్టింగుల్లోనూ డీఎన్ఎస్‌ని సాక్స్ ద్వారా పంపాలా అనే చెక్‌బాక్స్ ఉంటుంది, టిక్ ఉందో లేదో చూసుకోండి. ఈ విషయంలో టోర్ (మనమెవరో తెలియకుండా నెట్ వాడుకునే నెట్‌వర్క్) నాకు నచ్చుతుంది. ఏదైనా యాప్ పేరు బదులు ఉత్త ఐపీ ఇస్తే, 'నువ్వు బయట అడిగి వచ్చినట్టున్నావు, జాగ్రత్త' అన్న అర్థంలో లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది.

ఇక ఎక్కడ చూసినా కనిపించే సలహా ఒకటుంది: 'డీఎన్ఎస్‌ని 8.8.8.8కి (గూగుల్ సర్వర్‌కి) మార్చుకోండి, లీక్ పోతుంది.' నాకు ఒళ్లు మండేది దీనికే. సమస్య ఎవరిని అడుగుతున్నామన్నది కాదు, ఏ దారిలో అడుగుతున్నామన్నది. టన్నెల్ బయటి నుంచి గూగుల్‌ని అడిగినా ఆ ప్రశ్న మీ ఇంటర్నెట్ కంపెనీ చేతుల మీదుగానే, చదవడానికి వీలుగానే పోతుంది. కొన్ని కంపెనీలైతే పోర్ట్ 53 ప్రశ్నల్ని మధ్యలో పట్టుకుని తామే జవాబిస్తాయి.

నేను చేసింది మొరటు పని. ఫైర్‌వాల్‌లో (ఏ దారిలో ఏది పోవచ్చో నిర్ణయించే కాపలాదారు అది) టన్నెల్ తప్ప మిగతా దారులన్నీ మూసేశాను. ఒక్క పోర్ట్ 53 మూస్తే సరిపోదు, ఎందుకంటే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఇంకో పద్ధతి) 853 మీద, హెచ్‌టీటీపీఎస్ రకం 443 మీద పోతాయి. వీపీఎన్ సర్వర్‌కి వెళ్లే దారి ఒక్కటే వదిలాను. దాని పేరు వెతకడానికి కూడా డీఎన్ఎస్ కావాలి కదా, అందుకే కాన్ఫిగ్‌లో పేరు బదులు ఐపీ రాశాను. ఆండ్రాయిడ్‌లో ఇంత శ్రమ లేదు. వీపీఎన్ సెట్టింగుల్లో 'ఆల్వేస్ ఆన్', దాని కిందే వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపేసే స్విచ్, రెండూ ఆన్ చేయాలి. ఆ రెండోది చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు మూత తీస్తే మూడు నాలుగు సెకన్లు మెయిల్ యాప్ 'ఇంటర్నెట్ లేదు' అని గోల పెడుతుంది. టీసీపీడంప్ తెర మాత్రం ఖాళీ. పబ్లిక్ వైఫైలతోనే చిక్కు. లాగిన్ పేజీ రావాలంటే ఫైర్‌వాల్ తీయాలి, పని అయ్యాక మళ్లీ పెట్టాలి. రెండుసార్లు పెట్టడం మర్చిపోయి రోజంతా అలాగే తిరిగాను. ఇప్పుడు ఐదు నిమిషాలు కాగానే దానంతటదే తిరిగి మూసుకునేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను.