అగ్గిపుల్లకు అధికారిక హోదా కల్పించాలి

మూతపడిన చమురు బావుల దగ్గర, పాత గనుల దగ్గర భూగర్భం నుంచి ఊరే మండే వాయువు మీథేన్‌పై నిఘా పెట్టడానికి ఖరీదైన సెన్సర్లు కావాలని నిపుణులు పట్టుబడుతున్నారు గానీ, ఆ పనిని మన కోనసీమలో అగ్గిపుల్ల ఎప్పటినుంచో ఉచితంగా చేస్తోంది. బోరు గొట్టం నోట నీళ్లతో పాటు బుడబుడమని బుడగలు వస్తే చాలు, గట్టు మీదున్న పెద్దమనిషి ఎవరో లుంగీ ముడిలోంచి అగ్గిపెట్టె తీసి గీస్తాడు; నీలిమంట లేస్తే గ్యాసు ఉన్నట్టు, లేవకపోతే పుల్ల తడిసినట్టు. ఫలితం అక్కడికక్కడే తేలిపోతుంది, వీడియో తీసే సాక్షులకూ కొదవ ఉండదు.

ముక్కు ఉండగా పుల్ల ఎందుకని కొందరు అడుగుతారు. మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. వంటింటి సిలిండరు కంపు, లీకైతే తెలియడానికి అందులో కావాలని కలిపే మెర్‌కాప్టాన్‌ది. భూగర్భంలో ఆ మందు కలిపే ఉద్యోగాన్ని ప్రభుత్వాలు ఇంకా మంజూరు చేయలేదు. పైగా గాలిలో ఈ వాయువు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే పేలుతుంది కనుక, మన పెద్దమనిషికి తాను ఏ శాతంలో నిలబడ్డాడో పుల్ల గీశాక గానీ తెలియదు.

పనిచేస్తున్న బొగ్గుబాయిలో ఇదే వాయువుకు ఎంత మర్యాద! 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. వెనకటికి గనిలో వాయువు తనిఖీ చేసే మైనింగ్ సర్దార్లు సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి, మంట మీద నీలిటోపీ ఎంత ఎత్తు లేచిందో కళ్లు చిట్లించి చూసి శాతం చెప్పేవారు. వాయువు ఎంత ఊరుతుందో చూసి గనులకు డిగ్రీలు కూడా ఇస్తారు, మూడో డిగ్రీ తెచ్చుకున్న గనికి భయం ఎక్కువ. బొగ్గు అయిపోయి ఇంక్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు సొరంగం) నోటికి గోడ కట్టేశాక మాత్రం, కార్మికులతో పాటు వాయువు కూడా రిటైరైనట్టే ఊరంతా భావిస్తుంది. ఆ రిటైర్మెంటు ఉత్తర్వు కాపీ మాత్రం వాయువుకు అందదు. పంపులు ఆపేశాక పాత గుల్లల్లో పెరిగే నీరు దాన్ని నేల పగుళ్లలోంచి పైకి నెడుతుంది. బయట గాలి పీడనం పడిపోయినప్పుడు అది మరింత చొరవగా బయటికి వస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం గోదావరి వెంబడి ఎగువకు జరిగే రోజున, రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురుతాయి, మత్స్యకారులను వేటకు వెళ్లొద్దంటారు. పాత గని మీద ఇల్లు కట్టుకున్నవాడికి మాత్రం ఏ నంబరు జెండా ఎగరదు. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకాలు మొదలుపెట్టిన వాళ్లు ఈ సూచిక సంగతి మరిచిపోయారంటే క్షమించవచ్చు; తర్వాతి వాళ్లకు తీరిక దొరకలేదేమో.

చమురు బావి ఇంకా మొహమాటస్థురాలు. 1995 జనవరిలో పేలిన కోనసీమలోని పాశర్లపూడి బావి 65 రోజులు మండి అందరి దృష్టికీ వచ్చింది. సిమెంటు బిరడా బీటలువారి, ఉక్కు గొట్టం తుప్పుపట్టి, కొబ్బరితోట కింద సన్నగా కారే బావికి అంతటి ప్రచార కౌశలం ఎక్కడిది?

ఆకాశం నుంచి చూస్తే సరిపోతుందని కొందరు 2024 మార్చిలో మీథేన్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. మరుసటి ఏడాది జూన్‌లో దానికి కరెంటు పోయి మాట పడిపోయింది. కరెంటు కోత మన ఫీడరుకే పరిమితం కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది.

కనుక అగ్గిపుల్లనే అధికారిక పర్యవేక్షణ పరికరంగా గుర్తించాలని విన్నవిస్తున్నాను. పెట్టె ధర 2 రూపాయలే కాబట్టి టెండరు అక్కర్లేదు. వాడిన పరికరాన్ని సంతకంతో సహా తిరిగి జమ చేయాలన్న స్టోర్సు నిబంధనను మాత్రం సడలించాలి. 10 శాతం దగ్గర గీసిన పుల్ల విషయంలో జమ చేయడానికి పరికరమూ, సంతకం పెట్టడానికి ఉద్యోగీ దొరకకపోవచ్చు.