సవరణ: టీడీఎస్ మీటరు ఫ్లోరైడును చూపదు

వాటర్ ప్యూరిఫయర్ల మీద పెట్టిన పోస్టులో "టీడీఎస్ మీటరు మీద 300 లోపు వస్తే బోరు నీళ్లకు యూవీ మిషన్ చాలు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. మన నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ, చండూరు వైపు ఎవరూ దాన్ని పట్టుకొని మిషన్ కొనొద్దు.

పెన్నులా ఉండే ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే. దాన్నిబట్టి, కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో ఉప్పెంత, కాల్షియమెంత, ఫ్లోరైడెంత అని విడదీయలేదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే దొరకకపోతే 1.5 వరకు. ఆ 300లో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడే ఉన్నా మీటరుకు తెలియదు.

యూవీ దీపం క్రిములను చంపుతుంది, అంతే. "కాచి తాగితే పోదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో మిషన్‌లో నీళ్లను వడగట్టే పొర మాత్రం చాలావరకు ఆపుతుంది.

పటిక, సున్నంతో ఫ్లోరైడును తేర్చే నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగిన జిల్లా మనది. ఇక్కడ ఈ విషయంలో అంచనాలు పనికిరావు.

సర్కారు భగీరథ పథకం నల్లా వస్తుంటే తాగడానికే కాదు, వంటకూ అవే నీళ్లు వాడండి. బోరే దిక్కైతే ముందు ల్యాబులో ఫ్లోరైడు పరీక్ష చేయించండి, మిషన్ సంగతి ఆ తర్వాత.