గాడిమొగ గ్యాస్ భరూచ్‌కు, పరవాడకు బొగ్గు

కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ సముద్రం నుంచి ఒడ్డుకు చేరేది కాకినాడ దగ్గరి గాడిమొగలో. అక్కడి నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా, సుమారు 1,400 కిలోమీటర్ల పొడవునా 2009 నుంచే పెద్ద పైపులైన్ ఉంది. గాడిమొగ నుంచి విశాఖ అందులో పదో వంతుకు కాస్త ఎక్కువ దూరం, అంతే. కానీ కాకినాడ–విశాఖ–శ్రీకాకుళం లైన్‌కు పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు అనుమతి వచ్చింది 2014లో. ఆ తర్వాత గడువులు జరుగుతూనే పోయాయి. ఈలోగా పరవాడ ఫార్మాసిటీ నిండింది, అచ్యుతాపురం సెజ్ నిండింది. అక్కడి బాయిలర్లలో ఎక్కువ భాగం బొగ్గుకో, ఫర్నేస్ ఆయిల్‌కో, వ్యవసాయ వ్యర్థాలను అదిమి చేసే బ్రికెట్లకో అలవాటు పడిపోయాయి.

విశాఖ రసాయన పరిశ్రమకు గ్యాస్ ఎందుకు గిట్టుబాటు కావడం లేదని అడిగితే అందరూ అంతర్జాతీయ ధరలనే చూపిస్తారు. అది సగం నిజమే. మిగతా సగం మన పన్నుల్లోనూ, కేటాయింపుల్లోనూ, పైపు వేయడంలో చేసిన జాప్యంలోనూ ఉంది. ఆ సగాన్ని సరిచేయడం మన చేతుల్లో పనే. అందుకే దాని మీద గట్టిగా అడగాలి.

ముందు ధర సంగతి. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా పాత క్షేత్రాల గ్యాస్‌కు 2023 ఏప్రిల్‌లో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. అప్పుడది ఎంఎంబీటీయూకు (గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే యూనిట్) 6.5 డాలర్లు, 2025 ఏప్రిల్‌లో 6.75 అయింది. ఈ చౌక గ్యాస్‌లో మొదటి వాటా ఇళ్లకిచ్చే పైపు గ్యాస్‌కు, సీఎన్‌జీకి. రసాయన కంపెనీ ఆ వరుసలో చాలా వెనక ఉంటుంది. దానికి మిగిలేది లోతు సముద్రపు గ్యాస్, లేదంటే ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే ఎల్‌ఎన్‌జీ. లోతు సముద్రపు గ్యాస్ గరిష్ఠ ధర 2023 అక్టోబర్ నుంచి 10 డాలర్లకు అటూ ఇటూగా ఉంటోంది. అందులోనూ సీఎన్‌జీ, ఎరువులు, ఎల్‌పీజీ, విద్యుత్ రంగాలకే ముందు అవకాశం.

వంటింటికి, పొలానికి ముందు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. రసాయన కంపెనీ కోసం ఇంటి గ్యాస్ ధర పెంచమని ఎవరూ అడగకూడదు కూడా. నా అభ్యంతరమంతా పన్ను దగ్గరే.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ముడి చమురు, పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనంతో పాటు సహజవాయువును కూడా బయటే ఉంచారు. దాని మీద రాష్ట్రాల వ్యాట్ కొనసాగింది. దేశంలో అత్యధికంగా 24.5 శాతం వేసిన రాష్ట్రంగా మనకు పేరు. పరవాడలో ఒక ఫ్యాక్టరీని ఊహించుకుని లెక్క వేద్దాం. 10 డాలర్ల గ్యాస్, డాలరు 85 రూపాయలు అనుకుంటే ఎంఎంబీటీయూ 850 రూపాయలు. 24.5 శాతం చొప్పున దాని మీద పన్ను 208 రూపాయలు. పైపు రవాణా ఖర్చు వేరు. కంపెనీ తాను తయారుచేసి అమ్మే మందు ముడిసరుకు మీద కట్టే జీఎస్టీలో ఈ 208లో ఒక్క రూపాయి కూడా సర్దుబాటు కాదు. అదే కంపెనీ బొగ్గు కొంటే? 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గు మీద జీఎస్టీ 18 శాతం. చూడటానికి పెద్ద రేటే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే కంపెనీ తన సరుకు మీద కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటై, అది వెనక్కి వస్తుంది. టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు కూడా అప్పుడే పోయింది. అంటే మసి వదిలే ఇంధనం మీద పన్ను తిరిగొస్తోంది, శుభ్రమైన దాని మీద పన్ను ఖర్చులో కలిసిపోతోంది. వ్యాట్ రేటు ఎంత తగ్గించినా, క్రెడిట్ లేనంతకాలం ఈ తేడా పూర్తిగా పోదు.

ఈ నగరానికి ఇది చిన్న విషయం కాదు. 2010లో దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించి కొత్త పరిశ్రమలకు బ్రేకు వేసిన 43 చోట్లలో విశాఖ ఒకటి. గాజువాకలోనో, పాతపోస్టాఫీసు దగ్గరో మేడ మీద ఆరేసిన బట్టలు దులిపి మడతపెట్టేవాళ్లకు పన్నుల లెక్క తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం చేతికే అంటుకుంటుంది.

ఇంకో సంగతి తక్కువగా చర్చకు వస్తుంది. గ్యాస్ ఇంధనం మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. టన్ను అమ్మోనియాకు సుమారు 30 నుంచి 35 ఎంఎంబీటీయూల గ్యాస్ కావాలి. 10 డాలర్ల గ్యాస్‌తో చేస్తే ఆ ఖర్చే 300 డాలర్లు దాటుతుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో చౌక గ్యాస్‌తో చేసేవాడితో పోటీ ఎలా? అందుకే విశాఖ ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా ఓడలో వస్తుంది. మరో దేశపు గ్యాస్‌నే వేరే రూపంలో దిగుమతి చేసుకుంటున్నామన్నమాట. ఈ ముడిసరుకు పోటీలో మనం ఇప్పట్లో గెలవలేం. ఆవిరి కోసం, డ్రయ్యర్ల కోసం వాడే గ్యాస్ సంగతి వేరు. అక్కడ పోటీ మన ఊళ్లోని బొగ్గుతోనే.

గ్యాస్ అంటే కంపెనీలకు భయం కూడా ఉంది, అది ఊరికే పుట్టలేదు. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన డీ6 ఉత్పత్తి, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే కుప్పకూలింది. దాన్ని నమ్ముకుని కట్టిన గోదావరి జిల్లాల విద్యుత్ కేంద్రాలు పడకేశాయి. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ పరిశ్రమ, హరిత ట్రైబ్యునల్ ఆదేశంతో 2019లో బొగ్గు గ్యాసిఫైయర్లు వదిలి పైపు గ్యాస్‌కు మారింది. 2022లో ధరలు పేలేసరికి చాలా యూనిట్లు ప్రొపేన్ వైపు పరుగెత్తాయి. రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తుండగా ఆవిరి ఆగితే ఆ సరుకు చాలావరకు పోయినట్టే. అలాంటి చోట ‘రేపు గ్యాస్ వస్తుందా, ఎంతకొస్తుంది’ అన్న టెన్షన్‌తో ఏ ప్లాంట్ మేనేజరూ బాయిలర్ మార్చడు. కాబట్టి చిన్న యూనిట్లన్నిటి అవసరాన్ని ఒకచోట కూర్చి, ఐదేళ్లకో పదేళ్లకో ఒప్పందం చేసే బాధ్యత రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ లాంటిది తీసుకోవాలి. ఒక్కొక్కరూ వెళ్లి బేరమాడితే అమ్మేవాడు పట్టించుకోడు.

పూడిమడకలో 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ ఉంది కదా, ఇక గ్యాస్ ఎందుకన్న వాదనా వినిపిస్తోంది. ఆ హబ్ రావాలి, నేనూ కోరుకుంటున్నాను. అది పూర్తిస్థాయికి వచ్చేలోపు ఇక్కడి బాయిలర్లు తగలబెట్టే బొగ్గు మాటేమిటి?

గ్యాస్‌ను జీఎస్టీలోకి తెస్తే రాష్ట్ర ఖజానాకు కొంత లోటు తప్పదు. పైగా సముద్రపు గ్యాస్ మీద రాయల్టీ కేంద్రానికే పోతుంది, ఒడ్డున ఉన్న మనకు రాదు. ఈ రెంటినీ ఒకే బేరంలో పెట్టాలి. గ్యాస్‌ను జీఎస్టీలో చేర్చడానికి ఒప్పుకుంటాం, ఆ లోటును కొన్నేళ్లు భర్తీ చేయండి అని జీఎస్టీ కౌన్సిల్‌లో అడగడానికి మన ఆర్థిక మంత్రికి గట్టి కారణమే ఉంది. మహారాష్ట్ర 2022లో తన వ్యాట్‌ను 13.5 నుంచి 3 శాతానికి తనంతట తానే దించుకుంది. మనం అంతకన్నా మెరుగైన షరతులతో ముందుకు వెళ్లొచ్చు.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్క్ రాబోతోంది. అక్కడ పెట్టే బాయిలర్ ఒకసారి బిగిస్తే ఇరవై ఏళ్లు నడుస్తుంది. ప్లాట్లు ఇచ్చేటప్పుడే గేటు దాకా గ్యాస్ లైన్, దాని టారిఫ్ కాగితం మీద ఉంటే కంపెనీలు దానికి తగ్గట్టు డిజైన్ చేసుకుంటాయి. లేకపోతే పరవాడలో జరిగినట్టే ముందు బొగ్గు యార్డు కడతారు, పైపు తర్వాత వస్తుంది.